చెరువులో పురిటిల్లు

పురిటి మంచం దగ్గరికి వెళ్ళేటప్పుడు ఎలా మసలుకోవాలో మనకి ఎవరూ కూర్చోబెట్టి నేర్పరు. చూసి చూసి అదే వస్తుంది. కాళ్ళు కడుక్కుని లోపలికి వెళ్తాం. గొంతు తగ్గిస్తాం. పదిమందీ ఒక్కసారే గదిలోకి దూరరు. నిద్రపోతున్న బిడ్డని "ఒక్కసారి లేపి చూపించవే" అని ఎవరైనా అంటే పెద్దవాళ్ళు కళ్ళతోనే కసురుతారు. బాలింతకి విసుగు రాకముందే లేచి వచ్చేస్తాం. ఈ మర్యాద ఆడవాళ్ళకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదని నా నమ్మకం. పక్షుల రక్షిత కేంద్రాలకి వెళ్ళేవాళ్ళకి కావలసింది కూడా సరిగ్గా ఈ మర్యాదేనని చెప్పడానికే ఇవాళ ఇది రాస్తున్నాను.

నెల్లూరు నుంచి చెన్నై వెళ్ళే దారిలో నాయుడుపేట దాటాక, సూళ్ళూరుపేట ఇంకా రాకముందే, దొరవారిసత్రం మండలంలో నేలపట్టు ఉంది. ఒకప్పుడు నెల్లూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా. అక్కడి చెరువుని 1976లో పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. నీళ్ళలోనే పెరిగే కడప చెట్లు ఆ చెరువు ప్రత్యేకత. అక్టోబరు నుంచి మార్చి దాకా ఆ చెట్ల మీద గూడబాతులు, నత్తగుల్ల కొంగలు, నీటికాకులు, ఇంకా రకరకాల కొంగలు గూళ్ళు కట్టి, గుడ్లు పెట్టి, పిల్లల్ని పెంచుకుంటాయి. చుట్టూ నీళ్ళు ఉన్నాయి కాబట్టి కుక్కలు, పిల్లులు అంత తేలిగ్గా రాలేవు. చెరువే కాపలా అన్నమాట.

గూడబాతు అంటే పెలికాన్. పొలానికి నీళ్ళు తోడే బుట్టని గూడ అంటారు. ఇద్దరు మనుషులు చెరోవైపు తాళ్ళు పట్టుకుని ఊపుతూ తోడేవారు. ఈ పక్షి ముక్కు కింద వేలాడే సంచిని చూస్తే ఆ పేరు ఎందుకొచ్చిందో వేరే చెప్పక్కర్లేదు. పిల్ల తన తలని తల్లి నోట్లోకి పూర్తిగా దూర్చి, ఆ సంచిలోంచి చేపల్ని తింటుంది. ముద్దలు పెట్టీ పెట్టీ అలసిపోయిన తల్లులెవరికైనా ఆ దృశ్యం చూస్తే నవ్వు రాకమానదు.

మా ఆడపడుచు వాళ్ళది నాయుడుపేట. పోయిన సంక్రాంతికి వెళ్ళినప్పుడు అందరం కలిసి నేలపట్టు చూసి వచ్చాం. మేం చెరువు కట్ట మీద ఉండగా ఒక వ్యానులో పెద్ద కుటుంబం దిగింది. వాళ్ళలో ఒకబ్బాయి ఫోను పైకెత్తి పట్టుకుని ఈలలు వేస్తూ చప్పట్లు కొట్టడం మొదలుపెట్టాడు. పక్షులన్నీ ఒక్కసారి లేస్తే వీడియో బాగా వస్తుందట. దగ్గర చెట్టు మీద నాలుగైదు పక్షులు గూళ్ళు వదిలి లేచాయి కూడా. మా వారు ఏదో అనబోయేలోపే, ఆ వ్యానులోంచే దిగిన ఒక పెద్దావిడ కొంగు బిగించి ఇటు తిరిగింది. "పిల్లల తల్లులు రా నాయనా అవి. గమ్మునుండు!" అంది. ఆ అబ్బాయి చేతులు దించేశాడు.

గేటు దగ్గర ఎన్ని బోర్డులు పెట్టినా రాని పని ఆవిడ ఒక్క మాటతో అయింది. ఎందుకంటే బోర్డు మీద ఉండేది చట్టం. అభయారణ్యంలో జంతువుల్నీ పక్షుల్నీ ఏడిపించకూడదని, చెత్త వెయ్యకూడదని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం చెప్తూనే ఉంది. ఆవిడ గుర్తుచేసింది మాత్రం ఇంటి మర్యాద.

తల్లి గూడు వదిలి లేస్తే ఏమవుతుందో కూడా చెప్పుకోవాలి. గూడబాతు ఇంచుమించు నెల రోజులు గుడ్లు పొదుగుతుంది. తల్లి లేచిన ఆ కాసేపట్లోనే కాకులు గుడ్లు ఎత్తుకుపోతాయి. అప్పుడే పుట్టిన పిల్లలకి ఒంటి మీద ఈకలు కూడా ఉండవు, ఎండకి తట్టుకోలేవు. ఎర్రకాళ్ళ కొంగలైతే మిట్టమధ్యాహ్నం రెక్కలు గొడుగులా విప్పి పిల్లలకి నీడ పట్టి నిలబడతాయి. మన పది సెకన్ల వీడియో కోసం ఆ గొడుగు మూయించడం న్యాయమా?

ఇంకో మాట. ఏ పక్షుల కేంద్రానికి వెళ్ళినా "ఇవి సైబీరియా నుంచి వస్తాయి" అని ఎవరో ఒకరు చెప్తూనే ఉంటారు. చలికాలంలో ఉత్తరం నుంచి వచ్చే సూదితోక బాతుల్లాంటివి నిజంగానే ఉన్నాయి. కానీ మన దగ్గర గూళ్ళు కట్టే గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, నత్తగుల్ల కొంగలు ఎక్కడో మంచుదేశపు పక్షులు కావు. ఇవి మన దక్షిణాసియా పక్షులే. నీళ్ళని, మేతని బట్టి ఈ చెరువు నుంచి ఆ చెరువుకి తిరుగుతుంటాయి. పక్కనే పులికాట్‌లో మనం ముచ్చటపడి చూసే ఫ్లెమింగోలు కూడా అక్కడికి మేతకి వస్తాయి. మన దేశంలో వాటి పురిటిల్లు గుజరాత్‌లోని కచ్ రణ్.

ఇందులో ఏముంది, పేరులో తేడాయే కదా అనుకోకండి. విదేశాల నుంచి వచ్చిన చుట్టం అనుకుంటే మన బాధ్యత ఆ నాలుగు నెలలతో సరి. మన ఆడబిడ్డే అనుకుంటే ఏడాదంతా ఆమె క్షేమం పట్టించుకోవాలి. పురుడు నేలపట్టులో అయినా అవి తినేది చుట్టుపక్కల చెరువుల్లో, వాగుల్లో, పంటపొలాల్లో. ఆ చెరువులు ఆక్రమించి ప్లాట్లు వేస్తే, నీళ్ళలోకి మందులు వదిలితే, అభయారణ్యానికి ఎంత కంచె కట్టి ఏం లాభం?

ఇది ఊరికే భయపెట్టడానికి అంటున్న మాట కాదు. పశ్చిమ గోదావరి జిల్లాలో, కొల్లేటికి దగ్గర్లో, ఆరేడు అనే ఊరి దగ్గర గూడబాతుల పెద్ద కాలనీ ఉన్నట్టు 1946లో కె.కె. నీలకంఠన్ గుర్తించారు. ఆ తర్వాత కొన్నేళ్ళకి పక్షులు ఆ చోటుని పూర్తిగా వదిలేశాయి. ఇప్పుడు కైకలూరు దగ్గర ఆటపాకలో మనుషులు నాటిన ఇనుప స్టాండ్ల మీద కూడా గూళ్ళు కట్టుకుంటున్నాయి. ఉన్న చెట్లు పోగొట్టి ఇనుప కొమ్మలు ఇచ్చాం. అవి దానికీ సర్దుకున్నాయి, పాపం.

మరోవైపు, ఎవరూ చెప్పకుండానే ఈ మర్యాద పాటించే ఊళ్ళు ఉన్నాయి. ఒకప్పటి అనంతపురం జిల్లాలోని వీరాపురంలో ఎర్రకాళ్ళ కొంగలు ఊళ్ళోని చెట్ల మీదే గూళ్ళు కడతాయి. శ్రీకాకుళం వైపు తేలినీలాపురం వాళ్ళూ, గుంటూరు దగ్గర ఉప్పలపాడు వాళ్ళూ తమ ఊరికొచ్చే పక్షుల్ని అపురూపంగా చూసుకుంటారు. నేలపట్టు రైతులకైతే పక్షుల రెట్టలు కలిసిన చెరువు నీళ్ళు పొలానికి ఎరువు. మామూలుగా పుట్టింటివాళ్ళు ఆడపిల్లకి సారె పెట్టి పంపుతారు. ఇక్కడ ఆడపిల్లే పుట్టింటికి సారె ఇచ్చి వెళ్తోంది.

అసలు జనాన్ని రానివ్వకపోతే గొడవే ఉండదు కదా అనేవాళ్ళు ఉన్నారు. నేను ఒప్పుకోను. కళ్ళారా చూడని దాని మీద పిల్లలకి ప్రేమ ఎలా పుడుతుంది? "పిల్లలు అరవకుండా ఉంటారా?" అని ఇంకొందరి ప్రశ్న. గుళ్ళో అర్చన జరుగుతున్నప్పుడు ఉంటున్నారుగా. ఎక్కడ ఎలా ఉండాలో ముందు చెప్పి తీసుకెళ్ళే పని మనది.

మన చేతుల్లో ఉన్నవి చిన్న పనులే. పొద్దున్నే గానీ, ఎండ తగ్గాక గానీ వెళ్దాం. పాటలపెట్టె ఇంట్లోనే వదిలేద్దాం. ఒక బైనాక్యులర్ అయినా ఇంటింటికీ అప్పు తిరిగేలా చూసుకుంటే మంచిది, దగ్గరికి వెళ్ళాలన్న ఆత్రం ఉండదు. పులిహోర స్టీలు డబ్బాలో పట్టుకెళ్ళి, ఆ డబ్బా మళ్ళీ ఇంటికి తెచ్చుకుందాం. చిప్స్ కవర్లు కట్ట మీద పడితే చివరికి చేరేది చెరువులోకే. ఎవరైనా చప్పట్లు కొడితే, ఆ పెద్దావిడలా ఒక్క మాట అందాం. మనం అంటే వింటారు. మన ఇళ్ళలో పురిటి గది గుమ్మం దగ్గర అధికారం ఎప్పుడూ ఆడవాళ్ళదేగా.

మీ ఊరి చెరువుకి వచ్చే పక్షులేమిటో, మీ పెద్దవాళ్ళు వాటినేమని పిలిచేవారో ఒకసారి అడిగి చూడండి. ఆ పేర్లు తెలిసినవాళ్ళు ఇంకా మన మధ్య ఉండగానే అడగండి.