పగులును దాచి బీమా చేయించరాదు

‘ఇల్లు కట్టి చూడు’ అన్నారు పెద్దలు. కట్టిన ఇంటిని నిలుపుకొని చూడు అని కూడా అని ఉంటే బాగుండేది. ఈ మాసం అటువంటి మా స్వానుభవాన్ని ఒకదానిని మిత్రుల ముందుంచుతున్నాము.

2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్ బ్లెయిర్‌లో, ఫీనిక్స్ బే రేవుకు ఎగువన మా ఇల్లు ఉన్నది. శ్రీకాకుళం జిల్లా నుండి ఓడలో వచ్చిన మా తండ్రిగారు కట్టించినది. వాలు నేలను చదును చేయుటకు ఒక మూల మట్టి నింపవలసి వచ్చినది. గత నైరుతి వానల ఆరంభంలో ఆ మూలనే, కిటికీ అంచు నుండి ఏటవాలుగా గోడ పగిలినది. వెడల్పు మూడు మిల్లీమీటర్లు.

దీవులవాసులం గనుక మా మనసు మొదట 2004 డిసెంబరు 26 వైపే పోయినది. నాటి భూకంపంలో పోర్ట్ బ్లెయిర్ నేల సుమారు ఒక మీటరు దిగినది. సిప్పీఘాట్ పల్లపు భూములలోకి సముద్రం వచ్చినది. ఇందిరా పాయింట్ నాలుగు మీటర్లకు పైగా క్రుంగినది. అయితే ఊరంతా ఒక్కటిగా దిగినంత మాత్రాన గోడ పగలదు. ఒక ఇంటి క్రింద ఒక మూల మాత్రమే కొన్ని మిల్లీమీటర్లు దిగితే పగులుతుంది. గోడకు చేటు తెచ్చేది హెచ్చుతగ్గుగా దిగుటయే.

సొంత ఇంటి విషయంలో సొంత తీర్పును నమ్ముకొనక, వేరొక స్ట్రక్చరల్ ఇంజనీరును పిలిపించాము. ఆయన పగులుకు అడ్డంగా గాజు పలకలు సిమెంటుతో అతికించారు. మూడు వారాలలో ఒకటి చిట్లినది. కదలిక ఆగలేదన్న మాట. మూలన గొయ్యి తీసి చూడగా వాననీటి గొట్టం అతుకు కారుతూ, పునాది క్రింది సన్నని మట్టిని కొట్టుకొనిపోవుచున్నది. గొట్టం మార్చి, మట్టిని దట్టించి, కొత్త గాజు పలకలు అతికించాము. ఈశాన్య వానలు ముగిసేవరకు ఒక్కటీ చిట్లలేదు.

అంతలో బీమా గడువు దగ్గరపడినది. “ఏమండీ, ఆ రిపోర్టు జతచేస్తే అసలు బీమాయే ఇవ్వరేమో! పగులు పూడ్చి రంగు వేయిస్తే ఎవరికి తెలుస్తుంది?” అన్నది మా శ్రీమతి. ఆ ఆలోచన మాకూ రాకపోలేదు. తండ్రిగారు మిగిల్చిన ఆస్తి అదొక్కటే.

పాలసీ పత్రం తీసి చదివాము. 2021 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన ‘భారత్ గృహ రక్ష’లో భూకంపంతో పాటు నేల క్రుంగుట కూడా చేరి ఉన్నది. కాని కొత్త కట్టడం సహజంగా సర్దుకొనుట, నింపిన మట్టి కదలుట, సముద్రపు కోత, నాసి పనితనం, తవ్వకాల వలన కలిగిన నష్టాలను నేల క్రుంగుట క్రింద చెల్లించరు. నింపిన మట్టి మీద మూల ఉన్న మా వంటివారు ఈ భాగాన్ని రెండుసార్లు చదువవలెను. దాచిన సంగతి క్లెయిము వేళ బయటపడితే, ఏళ్ళ తరబడి కట్టిన ప్రీమియం వృథా కాగలదు.

రిపోర్టు, ఫొటోలు, మరమ్మతు రసీదులు అన్నీ జతచేశాము. బీమా సంస్థ తన తరఫున ఒకరిని పంపి చూపించి, పాత పగులుకు చెల్లింపు ఉండదన్న షరతుతో పాలసీని కొనసాగించినది. ఆ షరతు న్యాయమే. జరిగిపోయిన నష్టానికి బీమా ఉండదు గదా!

మిత్రులకు మా మనవి ఇది. గడువుకు రెండు నెలల ముందే పని మొదలుపెట్టండి. మధ్యలో బీమా లేని రోజులలో జరిగిన నష్టానికి దిక్కు లేదు. బీమా మొత్తాన్ని ఇంటిని తిరిగి కట్టుటకు అయ్యే ఖర్చును బట్టి నిర్ణయించండి, అందులో స్థలం ధర కలుపవద్దు. పగులు కనిపిస్తే దాని ప్రక్కన తేదీ, వెడల్పు పెన్సిలుతో వ్రాసి ఉంచండి. వాననీటి గొట్టాలను ఏటా వానలకు ముందే చూచుకొనండి.

మా గోడకు రంగు వేయించాము. గాజు పలక ఒకటి మాత్రం అలాగే ఉంచాము. వానపడిన మరునాడు మా శ్రీమతియే ముందుగా వెళ్ళి దానిని చూచి వస్తున్నది.