పోయినోళ్ల గొంతుతోని ఎవలకేం పని?

కొత్త మిషన్ ఏదొచ్చినా మా మంఖాల్ దిక్కు ముందుగాల అడిగేది ఒక్కటే మాట: దీంతోని ఏం పని? బోరు మోటరు వచ్చినప్పుడు మోట కొట్టే కష్టం పోయింది. కోత మిషన్ వచ్చినప్పుడు కైకిలోళ్ల నోటికాడి కూడు పోయిందని తిట్టుకున్నరు. గని మబ్బు వట్టిన రోజున వడ్లు తడువకుండ ఇంటికి చేరినయ్. లాభమెవలకు, నష్టమెవలకు అన్న లొల్లి ఉన్నా, ఆ మిషన్‌తోని పనేందో అందరికి ఎరుకే. ఇప్పుడు సినిమాలకు, పాటలకు ఏఐని తెచ్చిన్రు. పాట ఏ వానకు తడుస్తున్నదని తెచ్చిన్రో నాకైతే సమజైతలేదు.

మన తెలుగు సినిమాలనే ఒక ముచ్చట చూడున్రి. 2023 నవంబర్‌ల తరుణ్ భాస్కర్ తీసిన 'కీడా కోలా' వచ్చింది. అందుల ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం గొంతు వినవడ్డది. బాలు 2020 సెప్టెంబర్ 25న పోయిన్రు. మరి గొంతెట్ల వచ్చింది? ఏఐతోని తయారు చేసినమని సంగీత దర్శకుడు వివేక్ సాగర్ ఒక ఇంటర్వ్యూల చెప్తే తెలిసింది. 2024 జనవరిల బాలు కొడుకు చరణ్ లీగల్ నోటీసు పంపిన్రు. మమ్ముల అడగలేదు, క్షమాపణ చెప్పాలె, కోటి రూపాయల పరిహారం ఇయ్యాలె, రాయల్టీల వాటా ఇయ్యాలె అని అందుల అడిగిన్రు.

అదే జనవరిల ఏఆర్ రెహమాన్ 'లాల్ సలామ్' తమిళ పాటకు షాహుల్ హమీద్, బంబా బాక్యా గొంతులు వాడిన్రు. ఒకాయన 1997ల పోయిన్రు, ఇంకొకాయన 2022ల. కుటుంబాలను అడిగినం, పైసలిచ్చినం అని రెహమాన్ చెప్పిన్రు. అడిగి చేసుడు మర్యాదే, అందుల వంక పెట్టేది లేదు. నా అనుమానం ఇంకో కాడుంది. అడిగి, పైసలిచ్చి చేసినా, ఆ గొంతు ఆ పాటకు ఎందుకు?

బాలు పాట అంటే ఉత్త గొంతొక్కటేనా? 1976ల 'మనుషులంతా ఒక్కటే' సినిమాల అల్లు రామలింగయ్యకు పాడిన పాట వినున్రి, అచ్చం అల్లు రామలింగయ్యనే పాడినట్టుంటది. 'దశావతారం' తెలుగుల కమల్ హాసన్ వేసిన పది వేషాలల్ల ఏడింటికి బాలునే డబ్బింగ్ చెప్పిన్రు. తెర మీదున్న మనిషిని చూసి, ఈడ ఊపిరి పీల్చాలె, ఈడ జర నవ్వాలె, ఈడ నా గొంతు దాచుకోవాలె అని లెక్క చేసుకునుడే ఆయన పని. ఆ లెక్క పోయిన మనిషితోనే పోయింది. మిషన్ చేతికి దొరికింది సప్పుడు మాత్రమే.

ఇంకో సంగతి శానమందికి తెల్వదు. ఇసొంటి పాటను శానసార్లు ముందుగాల ఇంకో మనిషి పాడాలె. ఆ మనిషి పాడినదాని మీదనే పోయినోళ్ల గొంతు రంగు పూస్తరు. తాళం, ఊపిరి, విరుపు అన్ని ఆ మనిషివే, పేరు మాత్రం పోయినోళ్లది. బాలు 1996 నుంచి ఈటీవీల 'పాడుతా తీయగా' పెట్టి, చిన్న చిన్న ఊర్ల పోరగాండ్లకు తప్పులు దిద్ది చేతికి మైకిచ్చిన్రు. ఇయ్యాల ఆయన గొంతునే తెచ్చి గసొంటి పోరగాండ్లకు రావాల్సిన పాట గుంజుకుంటే, గది ఆయనకు నివాళి ఎట్లయితది?

చూసేటోళ్లు అడుగుతున్నరంటరు కొందరు. ఎవలడిగిన్రు? 2013ల వచ్చిన హిందీ సినిమా 'రాంఝణా'ల హీరో చచ్చిపోతడు. 2025 ఆగస్టుల దాని తమిళ వెర్షన్‌ను మళ్ల రిలీజ్ చేస్తూ, ఏఐతోని క్లైమాక్స్ మార్చి హీరోను బతికిచ్చిన్రు. తీసిన దర్శకుడు ఆనంద్ ఎల్ రాయ్ వద్దన్నరు, హీరో ధనుష్ వద్దన్నరు. హక్కులు కంపెనీ చేతుల ఉన్నయి కాబట్టి రిలీజ్ ఆగలే. పాత సరుకును మళ్లొకసారి అమ్ముకునుడు తప్ప అందుల నాకు ఇంకేం కానరాలే.

నిజం చెప్పాల్నంటే పని ఒకటి ఉన్నది. ఖర్సు తగ్గుతది. ఖర్సు అంటే ఎవలో ఒకల కైకిలి. 2025 మేల నిర్మాత దిల్ రాజు హైదరాబాద్‌ల లోర్వెన్ ఏఐ స్టూడియో మొదలువెట్టిన్రు. అదే ఏడు ఆగస్టుల తెలుగు సినిమా కార్మికులు 30 శాతం కూలి పెంచాలని పద్దెనిమిది రోజులు షూటింగులు బంద్ పెట్టిన్రు. ఆఖరికి మూడేండ్లల్ల 22.5 శాతం కాడ తెగింది. ఈ రెండింటికి నేరుగ సంబంధం ఉన్నదని నేనంటలేను. గని లైట్లు మోసేటోళ్లకు, మేకప్ వేసేటోళ్లకు రూపాయి పెంచాల్నంటే ఇన్ని రోజులు గుంజిన ఇండస్ట్రీ, మనుషులను తగ్గించే మిషన్‌కు ఎట్ల ఎదురువోయి స్వాగతం చెప్తున్నదో చూస్తనే ఉన్నం.

సీన్ తీయకముందే అదెట్లుంటదో బొమ్మ చూసుకునుడు, పాత రీలు మీద గీతలు చెరుపుడు, చేతుల పైసల్లేని పోరగాడు తన కథను బొమ్మలల్ల చూపెట్టుకునుడు... ఇవన్ని మంచివే, కోత మిషన్ లెక్కలకే వస్తయి. వాటిని వద్దన్నోడు ఎవడూ లేడు.

మా దిక్కు చూడున్రి. పక్కనున్న రావిర్యాల కాడ 2006ల చిప్పులు తయారైతయని ఫ్యాబ్ సిటీ అన్నరు. చిప్పులు రాలే, పేరు మిగిలింది. 2020ల ప్రకటించిన అమెజాన్ డేటా సెంటర్లు మూడింటిల ఒకటి గా ఫ్యాబ్ సిటీలనే. 2025 జనవరిల దావోస్‌ల ఇంకో అరవై వేల కోట్లు పెడతమని అన్నరు. మిషన్లకు జాగ, కరెంటు, కోట్లు అన్ని దొరుకుతున్నయి. 'భీమ్లా నాయక్' పాట మొదట్ల వినవడ్డ గొంతు, పన్నెండు మెట్ల కిన్నెర మొగిలయ్యవి. 2022ల ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2024 మేల ఆయననే తుర్కయంజాల్ కాడ ఇల్లు కట్టే పనిల కైకిలి చేస్తున్నరని పేపర్లల్ల, టీవీలల్ల వచ్చింది. మా మంఖాల్ నుంచి ఎంతో దూరం లేదది. కిన్నెర సప్పుడు కావాల్నంటే రేపు మిషన్‌కు ఒక లైను రాస్తే సాలు. ఆ సప్పుడు ఎవల వేళ్ల నుంచి నేర్చుకున్నదో, ఆ వేళ్లకు రూపాయి వోతదా?

పెద్దోళ్లకు కోర్టులున్నయి. 2025 సెప్టెంబర్‌ల నాగార్జున ఢిల్లీ హైకోర్టుకు వోయి, చిరంజీవి హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టుకు వోయి, మా పేరు, మా మొఖం అడగకుండ వాడొద్దని ఆర్డర్లు తెచ్చుకున్నరు. ఒగ్గు కథ చెప్పేటోళ్లకు, బతుకమ్మ పాటలు పాడే ఆడోళ్లకు, సీరియళ్లకు డబ్బింగ్ చెప్పేటోళ్లకు వకీలు ఫీజు ఎక్కడిది? ఒక పాటకు ఇంత అని చేతుల పెట్టి, ఏదన్న కాయితం మీద సంతకం తీసుకుంటే, ఆ కాయితంల గొంతు సుత రాసిచ్చినమని వాళ్లకు తెలుస్తదా?

అమెరికాల సినిమా నటులు 2023ల 118 రోజులు సమ్మె చేసి, నకలు మనిషిని తయారు చేయాల్నంటే నటుడి ఒప్పుకోలు ఉండాలె, పైసలియ్యాలె అని ఒప్పందంల రాయించుకున్నరు. మన ఫెడరేషనోళ్లు మొన్న కూలి రేట్లు రాయించుకున్నరు. మూడేండ్ల లెక్క 2028ల ఒడుస్తది. అప్పటి కాయితంల గొంతు, మొఖం గురించి ఒక పేరా ఉండాలె. యూనియన్ కార్డు లేని జానపద పాటగాళ్ల కోసం రాష్ట్ర భాషా సాంస్కృతిక శాఖ ఒక నమూనా అగ్రిమెంటు తెలుగుల, మన మాటల్ల, అచ్చేసి ఇయ్యాలె. దానికి దావోస్ దాక వోవుడు అక్కర లేదు.