ఇంటిపేరు సరే, ఇంటి మీద పేరు?

పుట్టిల్లు, అత్తిల్లు, వంటిల్లు - మన స్త్రీలు రాయని ఇల్లు లేదు. ఇంటి కాగితం గురించి మాత్రం రాసింది తక్కువ. వర్జీనియా వుల్ఫ్ పేరు ఎత్తగానే మనకి గది గుర్తొస్తుంది. 1929లో వచ్చిన ఆ పుస్తకంలో కథకురాలికి ఏడాదికి 500 పౌన్లు ఎలా వచ్చాయో గుర్తుండదు. మేనత్త ఆమెకి రాసిచ్చి పోయింది. ఆ సంగతి లాయరు ఉత్తరం ద్వారా తెలిసింది. ఓటు హక్కు కన్నా ఆ డబ్బే ముఖ్యమనిపించిందని ఆమె దాపరికం లేకుండా చెప్పింది.

ఇంగ్లండులో బతుకుతున్న నన్ను సాటి తెలుగు స్త్రీలు అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే. "అక్కా, ఇల్లు ఆయన పేరు మీదుంది, నాకేమైనా హక్కుందా?" "ఇద్దరి పేర్లూ ఉంటే సగం నాదేనా?" "బ్యాంకు వాళ్లు ఏదో సంతకం పెట్టమంటున్నారు, పెట్టనా?" గొంతు తగ్గించి అడుగుతారు. భర్తని అనుమానించినట్టు అవుతుందేమోనని భయం. మగవాడు గోడలు పరీక్షించడానికి సర్వేయరుని పిలిపిస్తే ముందుచూపు, ఆడది కాగితం చదివితే అనుమానం! ఈ నీతిని తయారుచేసింది ఎవరు, ఎవరి మేలు కోసం?

ఇంగ్లండు అనగానే ఆడవాళ్లకి అన్నీ అమరిన దేశమనుకునే వాళ్లు 'బర్న్స్ వర్సెస్ బర్న్స్' తీర్పు చదవాలి. అది 1984 నాటి లా రిపోర్టుల్లో ఉంది. ఆ స్త్రీ పెళ్లి లేకుండా ఒకతనితో పంతొమ్మిదేళ్లు కాపురం చేసింది. ఇద్దరు పిల్లల్ని పెంచింది. సంపాదించినదాన్ని ఇంటి ఖర్చులకే పెట్టింది. అతని ఇంటిపేరు కూడా పెట్టుకుంది. ఇల్లు అతని ఒక్కడి పేరు మీదే ఉంది. ఇంట్లో ఆమెకి వాటా లేదని కోర్టు తేల్చింది. 'కామన్ లా భార్య' అనే మాట అక్కడి జనం నోట ఉంది గానీ చట్టంలో అలాంటి హోదా లేదు.

అదే చాకిరీ పెళ్లయిన స్త్రీ చేస్తే విడాకుల సమయంలో లెక్కకొస్తుంది. 1973 నాటి చట్టం ఇంటిపనినీ పిల్లల పెంపకాన్నీ పరిగణించమంది. సంపాదించినవారికీ ఇల్లు చూసుకున్నవారికీ మధ్య వివక్ష కూడదని 2000లో హౌస్ ఆఫ్ లార్డ్స్ చెప్పింది. అంటే చట్టం విలువ కట్టింది శ్రమకి కాదు, తాళికి! ఆ తాళికైనా వాళ్ల ముద్ర ఉండాలి. ఇండియాలో చట్టప్రకారం జరిగిన పెళ్లిని ఇంగ్లండు గుర్తిస్తుంది. అక్కడే అనుమతి లేని హాల్లో, రిజిస్ట్రారు లేకుండా మూడు ముళ్లు వేయించుకున్న అమ్మాయిది మాత్రం చట్టం దృష్టిలో సహజీవనమే. సహజీవనం చేసేవారికి కొంత రక్షణ ఇవ్వమని లా కమిషన్ 2007లో సిఫారసు చేస్తే, ఇప్పట్లో చేయబోమని 2011లో ప్రభుత్వం చెప్పేసింది.

పెళ్లయినా అప్పులవాడి ముందు ఆ విలువ నిలవదు. 1990లో లాయిడ్స్ బ్యాంకుకీ రోసెట్ అనే ఆమెకీ మధ్య నడిచిన కేసులో, పాడుబడిన ఇంటిని బాగుచేయించడానికి మేస్త్రీల వెంట ఉండి, స్వయంగా రంగులు వేసిన భార్య పనిని లార్డులు చాలా స్వల్పమన్నారు. భర్త ఆమెకి చెప్పకుండా ఇల్లు తాకట్టు పెట్టాడు. బ్యాంకే గెలిచింది. ఇంటికి డబ్బు పెట్టి, అందులోనే ఉంటున్న భార్య హక్కు బ్యాంకుని కూడా అడ్డుకోగలదని 1980లో బోలండ్ కేసులో తేలింది. అప్పటినుంచీ ఇంట్లో ఉండే పెద్దవాళ్లందరి చేతా తమ హక్కు బ్యాంకు తర్వాతే అని సంతకం పెట్టించుకోవడం మొదలైంది. మనవాళ్లు టీ కప్పు పక్కన పెట్టుకుని చదవకుండా సంతకం చేసే కాగితం అదే.

ఇద్దరి పేర్లూ ఉన్నా ప్రశ్న తీరదు. 'జాయింట్ టెనెంట్స్' అయితే ఒకరు పోతే ఇల్లు మొత్తం రెండోవారిది. వీలునామా రాసినా చెల్లదు. 'టెనెంట్స్ ఇన్ కామన్' అయితే ఎవరి వాటా వారిది, ఎవరికైనా రాసుకోవచ్చు. ఈ టెనెంట్ అంటే అద్దెకున్నవాడు కాదు, యజమానే. పుట్టింటివాళ్లు పొలం అమ్మి పంపిన డబ్బు డిపాజిట్‌లో కలిసినప్పుడు, ఎవరి వాటా ఎంతో ట్రస్టు పత్రంలో రాయించుకోవాలి. భర్త ఒక్కడి పేరే ఉంటే, 1996 చట్టం కింద భార్య తన నివాస హక్కుని ల్యాండ్ రిజిస్ట్రీలో ఉచితంగా నమోదు చేయించుకోవచ్చు. అది ఉండే హక్కే, వాటా కాదు. విడాకులతో సాధారణంగా ముగిసిపోతుంది. అయినా భార్యకి తెలియకుండా ఇల్లు అమ్మకుండా ఆపుతుంది.

ఆస్తి వ్యామోహాన్ని విమర్శించే మనమే ఆస్తి అడగడమేమిటని కొందరు మిత్రులు అంటారు. వదులుకోవాలన్నా ముందు చేతిలో ఉండాలి కదా! ఆంధ్రప్రదేశ్‌లో 1986 నాటి సవరణ, తర్వాత 2005లో కేంద్ర సవరణ ఉమ్మడి ఆస్తిలో కూతుళ్లకి వాటా ఇచ్చాయి. అయినా వాటా అడిగిన కూతురు అన్నదమ్ముల్ని దూరం చేసుకున్న పాపిష్టిదే అవుతోంది. అదే నోరుమూసుకునే అలవాటుని విమానమెక్కించి లండన్ దాకా తీసుకెళుతున్నాం.

ఇంటికి దీపం ఇల్లాలంటారు. దీపాన్ని ఎవరైనా ఆర్పేయచ్చు, రిజిస్టర్‌లో ఉన్న పేరుని అంత తేలిగ్గా చెరపలేరు. పెళ్లవగానే ఇంటిపేరు మార్చుకోమని పట్టుబట్టేవాళ్లని ఇంటి మీద పేరు ఎప్పుడు రాస్తారని అడుగుదాం. గొంతు తగ్గించకుండా అడుగుదాం.