ల్యాబ్ కన్నా ముందు కల్లం

గుంటూరు మిర్చి యార్డులో వ్యాపారి టిక్కీలో, అంటే మిర్చి నింపిన గోనె సంచిలో, చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు పైకి తీస్తాడు. రంగు చూస్తాడు, తాలు ఏపాటి ఉందో అంచనా కడతాడు. ఒక కాయ విరిచి నిమ్ము పసిగడతాడు. నిమిషంలో సరుకు విలువ తేల్చేస్తాడు. అదే సరుకు యూరప్ ఓడ ఎక్కాలంటే ఈ చూపు చాలదు. అక్కడ అడిగేది కంటికి కనబడని అఫ్లాటాక్సిన్ గురించి. ఎండుమిర్చిలో దాని బి1 రకం కిలోకు 5 మైక్రోగ్రాములు, అన్ని రకాలూ కలిపి 10 దాటితే యూరోపియన్ యూనియన్ సరుకును రానివ్వదు.

కాలేయ క్యాన్సర్‌కు దారితీసే ఈ విషాన్ని పుట్టించేది ఆస్పర్‌జిల్లస్ జాతి బూజు. దానికి తడీ వెచ్చదనమూ ఉంటే చాలు. కోసిన పండుకాయలో సగానికి పైగా నీరే. అది 10, 11 శాతానికి దిగాలి. మట్టి కల్లంలో ఆరబోస్తే కింద చెమ్మ, పైన రాత్రి మంచు, ఆపైన అకాల వాన. ఇన్ని దాటి ఎండిన కాయకు చివర్లో మనిషి చేతి తడి తగులుతుంది. టిక్కీలో తొక్కేటప్పుడు కాయలు విరగకుండా నీళ్లు చిలకరిస్తారు.

పరీక్షలతోనే దీన్ని పట్టేయలేమా? బూజు సరుకంతటా ఒకేలా పరుచుకోదు. పది టిక్కీలు శుభ్రంగా ఉండి, పదకొండో దాంట్లో నాలుగు కాయలు చెడి ఉండొచ్చు. నమూనా ఏ టిక్కీలోంచి తీశారన్నదాన్ని బట్టి ఫలితం మారిపోతుంది. పొడి పట్టాక ఆ నాలుగు కాయలను ఏరే వీలే ఉండదు.

1960లలో నాసా వ్యోమగాముల తిండి తయారుచేసిన పిల్స్‌బరీ కంపెనీకీ ఇదే చిక్కు ఎదురైంది. పూర్తి భరోసా కావాలంటే తయారైన పొట్లాల్లో చాలా భాగం పరీక్షలకే పోతుంది. అందుకే ముప్పు ఏ మెట్టు దగ్గర చొరబడుతుందో గుర్తించి అక్కడే కాపు కాసే పద్ధతి పుట్టింది. హాసప్ పేరుతో నేడు ప్రపంచమంతా నడుస్తున్నది అదే.

ఆలస్యంగా పట్టుకుంటే ఏమవుతుందో 2005లో బ్రిటన్ చూసింది. భారత్ నుంచి వెళ్లిన కారప్పొడిలో సూడాన్-1 అనే పారిశ్రామిక రంగు కలిసింది. ఆ కారం ఒక సాస్‌లోకి, ఆ సాస్ సూపుల్లోకి, రెడీమేడ్ భోజనాల్లోకి చేరింది. 400కు పైగా ఉత్పత్తులను దుకాణాల నుంచి వెనక్కి తీసుకున్నారు. ఎగుమతయ్యే మిర్చికి స్పైసెస్ బోర్డు పరీక్షలు తప్పనిసరి చేసింది. గుంటూరులోనూ దానికి ల్యాబ్ ఉంది.

కల్లం సంగతే మిగిలింది. టార్పాలిన్ పట్టా మీద ఆరబోసి, రాత్రి కప్పి, నీళ్లు చల్లకుండా తొక్కిన రైతు కాయా, మట్టి మీద ఎండిన కాయా రంగులో ఒకేలా ఉంటే యార్డులో రెండింటికీ ఒకటే రేటు. పట్టా కొన్న ఖర్చు ఆ రేటులో ఎక్కడా లెక్కకు రాదు.