వలసవచ్చిన వారెవరు?

భద్రాచలమునకు సమీపమున పర్ణశాల యను గ్రామము గలదు. రాజ్యము విడిచి వచ్చిన రాముడు సీతాలక్ష్మణులతో అచ్చట కుటీరము కట్టుకొనెనని తరతరముల విశ్వాసము. దిగువను గోదావరిలో కలియు ఏటికి శబరి యని పేరు. అడవికి వచ్చిన అతిథికి పండ్లిడి ఆదరించిన ఆటవిక స్త్రీ పేరది. ఈ సీమకు కీర్తి తెచ్చిన కథయే ఇల్లు విడిచినవాని కథ. అట్టి సీమకు నేడు వలసవచ్చినవారి గోడు తెలుగు సాహిత్యమున ఎంతవరకు వినవచ్చుచున్నదో ఉపాధ్యాయులును విద్యార్థులును ఆలోచింపదగును.

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తరు ప్రాంతమున 2005లో సల్వాజుడుం ఆరంభమైన పిమ్మట, మావోయిస్టులకును ఆ దళములకును నడుమ నలిగి, వేలకొలది ఆదివాసులు గోదావరి అడవులకు తరలివచ్చిరి. గిరిజన యువకులకు ఆయుధములిచ్చి పోరునకు దింపుట రాజ్యాంగవిరుద్ధమని సుప్రీంకోర్టు 2011లో తీర్పు చెప్పినను, ఊళ్ళు విడిచినవారిలో పెక్కుమంది తిరిగి పోలేదు. వారిలో పలువురు మురియాలు. ఇచ్చటివారు వారికి గుత్తికోయలని పేరిడిరి. వారి గోండీయు, ఇచ్చటి కోయభాషయు ఒక్క ద్రావిడ కుదురున పుట్టిన దగ్గరి చుట్టములు. అయినను షెడ్యూల్డు తెగ గుర్తింపు రాష్ట్రము దాటి వెంటరాదు. అటవీహక్కుల చట్టము 2005 డిసెంబరు 13కు పూర్వపు సాగునే అంగీకరించును. ఆ తేదీ తరువాత కొట్టిన పోడునకు పట్టా లేదు.

ఇంతటి నిర్ణయము చేయు హద్దు ఎంత స్థిరమైనది? భద్రాచలము 1874 వరకు మధ్యపరగణాలలో నుండెను. పిమ్మట మద్రాసు రాజధానిలోని గోదావరి జిల్లాలో చేరెను. 1959లో తూర్పుగోదావరినుండి ఖమ్మము జిల్లాకు మారెను. 2014లో చుట్టుపట్ల మండలములు కొన్ని ఆంధ్రప్రదేశమునకు పోయినవి. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా ఏర్పడినది. గుడిసె వాకిలి కదలకయే కోయ కుటుంబములు ఇన్ని పాలనలు చూచినవి. మనుష్యులు నిలిచియుండగా హద్దులే వలసపోయినవి. మైదానములనుండి వచ్చినవారి చేతికి గిరిజన భూములు పోకుండుటకు 1970లో 1వ రెగ్యులేషను చేయవలసివచ్చెను. అయినను వారిని వలసవారని పిలుచుట అరుదు. ఆ పేరు బలహీనునకే అంటుకొనుచున్నది.

అమెరికాలో ధూళితుపానులకును అప్పులకును ఓడి కాలిఫోర్నియా చేరిన ఓక్లహోమా రైతులను ‘ఓకీలు’ అని ఈసడించిరి. వారును ఆ దేశపు పౌరులే. 1939లో జాన్ స్టైన్‌బెక్ తన నవలలో ఆ నిందాపదము వెనుక ఒక కుటుంబమును, దాని ఆకలిని, మర్యాదను చూపెను. తెలుగు కథలలో అడవివాడు డోలుతోను ఇప్పపూలతోను వర్ణనకు పనికివచ్చుటయే హెచ్చు. నోరు విప్పుట తక్కువ.

2022 నవంబరులో చండ్రుగొండ మండలమున పోడు తగవులో ఒక అటవీ అధికారి హతుడయ్యెను. ఆ ఘోరమును ఎవరును సమర్థింపరాదు. శిక్ష విధించుటకు న్యాయస్థానములున్నవి. కాని ఆ వెంటనే గుత్తికోయలనందరిని వెళ్ళగొట్టవలెనను కేక పుట్టెను. కొందరి నేరమును జాతికంతటికి అంటగట్టు వేళనే రచయిత అవసరము. ఆ అధికారి ఇంటి దుఃఖమును, నేరమెరుగని గుడిసెలోని భయమును ఒక్క కథలో చెప్పగలవాడు కావలెను.

మారిషసునకును మలయాకును కూలికి పోయిన తెలుగువారు తమ భాషను నిలుపుకొనుటకు పడిన పాట్లను తెలుగుజాతి గర్వముతో చెప్పుకొనును. తన మిరపచేలకు కూలికి వచ్చినవాని భాషకు అది చెవియొగ్గుట న్యాయము. ఈ అడవిలో అందుకు మార్గమును గలదు. డోలికోయలు పడిగెలు పట్టి వంశగాథలు పాడుచు పూర్వుల జాడలను కాపాడిరి. మణుగూరు ప్రాంతపు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ లభించినది అట్టి గానమునకే.

ఇంట ఒక భాషయు, పుస్తకమున వేరొక భాషయు గల పిల్లలు ఈ పల్లెల బడులలో నేడును కూర్చుండియున్నారు. ఉపాధ్యాయుడు వారి అవ్వ చెప్పిన కథను, వదలివచ్చిన ఊరి పేరును వారి మాటలోనే చెప్పించి తెలుగు లిపిలో వ్రాయింపవచ్చును. తోడి విద్యార్థులు దానిని చదివి అర్థమడుగవచ్చును. దీనికి ఏ చట్టము మారనక్కరలేదు. ఒక నోటుపుస్తకమును, కొంత ఓర్పును చాలును.