గంగపుత్రుల వాటా

2025 జనవరి 8వ తేదీన ప్రధానమంత్రి శ్రీ నరేంద్ర మోదీగారు విశాఖపట్టణమునందు పూడిమడక హరిత ఉదజని కేంద్రమునకు, అనగా గ్రీన్ హైడ్రోజన్ కేంద్రమునకు, శంకుస్థాపన గావించిరి. 1,85,000 కోట్ల రూపాయల వ్యయము. ఎండ, గాలి వంటి తరుగని వనరులనుండి 20 గిగావాట్ల విద్యుచ్ఛక్తి. దినమునకు 1,500 టన్నుల ఉదజని: ఇదియే సంకల్పము. ఈ పూడిమడకయందే లోగడ తలపెట్టినది బొగ్గు విద్యుత్కేంద్రము. పొగను విడిచి ఎండను నమ్ముట శుభపరిణామము. మేము దీనిని మనఃపూర్వకముగా స్వాగతించుచున్నాము.

అయినను పూడిమడక పటములోని చుక్క గాదు. అది వలను నమ్మి బ్రదుకు జాలరుల పల్లె. ఆ యిసుకతీరమే వారికి రేవు, వారికి సంత. నావ నిలుపుటకును వల యారవేయుటకును తావు లేనినాడు, ఇంట దీపము వెలిగినను పొయ్యి వెలుగదు.

మరియొక సంగతి. విద్యుత్తుచే నీటిని విడగొట్టినగాని ఈ ఉదజని పుట్టదు. సముద్రజలమునే శుద్ధిచేసి వాడుదురేని, మిగిలిన చిక్కని యుప్పునీరు ఎచ్చటికి పోవును? చేపలు గ్రుడ్లుపెట్టు తీరజలములకా? ఏటేట ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు 61 దినములు మరపడవల వేటను నిలుపుట మత్స్యసంతతి రక్షణకే గదా! ఒకచేత కాపాడి వేరొకచేత చెరుపుట రాజనీతి యనిపించుకొనదు.

జాలరికి కావలసిన దేమి? పడవ ఒడ్డు చేరిన గడియనుండి చేప వెల తగ్గుచునే యుండును. మంచుగడ్డ దొరకనివాడు దళారి చెప్పిన వెలకే అమ్ముకొనవలెను. సూర్యశక్తిచే నడచు మంచుశాల యొకటి రేవున నున్నచో బేరమాడు బలము వానికి కలుగును. ఇది గగనకుసుమము గాదు. కేరళమున వైకోమురేవునుండి 75 మందిని మోయు సౌరనౌక 'ఆదిత్య' 2017లోనే ప్రయాణము సాగించినది. ఎండతో పడవ నడచునపుడు మంచు గట్టదా?

కావున మేము కోరునవి మూడు. రేవును, తీరమార్గమును జాలరులకు విడుతుమని వ్రాతమూలకముగా హామీ యీయవలెను. సముద్రమున విడుచు నీటి పరీక్షాఫలితములను నెలనెలా తెలుగున గ్రామపంచాయతీయందు ప్రకటింపవలెను. పుట్టిన విద్యుత్తులో కొంతభాగము మంచుశాలకు కేటాయించి, దానిని చేపలమ్ము స్త్రీల సహకారసంఘమున కప్పగింపవలెను.

ఈ కోరికలకు కోట్లు అక్కరలేదు, మనసున్న చాలును. పట్టణమున దీపముక్రింద పత్రిక చదువు మనము, ఆ వెలుగునకు చోటిచ్చినవారి పక్షమున నోరు విప్పుట మన విధి.