పెద్దల పాటలను పదిలపఱచు విధము

కంఠమును, తాళమును, శ్రుతిని వేఱువేఱు ట్రాకులపై ముద్రించి పిదప కలుపుకొనుటకు మల్టీట్రాక్ రికార్డరు మిక్కిలి యుపకరించును. 1979లో వెలువడిన టాస్కామ్ పోర్టాస్టూడియో సామాన్యమైన క్యాసెట్టుపైననే నాలుగు ట్రాకుల నమర్చి, యీ సౌకర్యమును గృహములలోనికి దెచ్చినది.

మా యత్తగారి మంగళహారతిని రికార్డు చేయునపుడు నేనొక పొరపాటు చేసితిని. గుడిలో పాడినట్లు మ్రోగవలెనని రివర్బును గూడ కంఠముతోబాటే ముద్రించితిని. ఆ ప్రతిధ్వనిలో మాటలు మఱుగుపడినవి. కలిసిపోయినదానిని మఱల వేఱుచేయలేకపోతిని. వారిప్పుడు లేరు, తిరిగి పాడింప వీలులేదు.

కావున కంఠమును శుద్ధముగనే యొక ట్రాకున ముద్రింపుడు. రివర్బును కడపట, మిక్సింగునందు, కొలదిగా జేర్చుడు. యంత్రపు తాళము వలసినచో ఇయర్‌ఫోనులో మాత్రమే వినిపింపుడు. బయట మ్రోగినచో మైకు దానినిగూడ గ్రహించును. వృద్ధులను మాత్రము యంత్రలయకు కట్టివేయరాదు. వారిని తమ నడకలోనే పాడనిచ్చి, తాళమును పిదప వేఱొక ట్రాకున చేతితో వేయవచ్చును. మిక్సింగునందు తంబురను, తాళమును తగ్గించి, ప్రతిమాటయు తేటగా వినబడునట్లు చూచుకొనుడు. మిక్సింగు ముగిసినను కంఠపు ట్రాకును చెఱపకుడు.

మీ యింటి పెద్దల పాటలను ఈ నెలలోనే ముద్రింప నారంభింపుడు.